విచార రహిత మండలం

బాలింతకు మనసు బాగుండకపోతే వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వానిదే అని మా రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. ఆ సంగతి నాకు సీతన్నవలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మందుల కిటికీ దగ్గర, ఒక ముసలాయనకు దగ్గు మందు పోస్తుండగా తెలిసింది. అటెండరు వచ్చి ఒక ఉత్తర్వు చేతిలో పెట్టాడు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా" అని మొదలైన ఆ ఉత్తర్వు, శ్రీ లోపింటి తవిటినాయుడు, ఫార్మసిస్టు, అనగా నేను, ఆ రోజు నుంచి మా మండలానికి మాతృ మనోక్షేమ నోడల్ అధికారిని అని ముగిసింది. చదివి తలెత్తేసరికి ముసలాయన సీసా నిండి బల్ల మీదుగా కారుతోంది.

చట్టం ప్రకారం ఆ పనికి మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు ఉండాలట. ఆ పోస్టులు ఇంకా మంజూరు కాలేదు. మంజూరయ్యే వరకు "అందుబాటులో ఉన్న అనుభవజ్ఞులైన సిబ్బంది" చేత నడిపించమన్నారు. నేను అందుబాటులో ఉన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే కిటికీ దగ్గర అందుబాటులోనే ఉన్నాను.

జిల్లా కేంద్రంలో మాకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. జిల్లా మనోక్షేమ సమన్వయాధికారి సచ్చిదానందమూర్తి గారు ప్రారంభోపన్యాసం చేశారు. "మిత్రులారా! తల్లి మనసు వెన్న. ఆ వెన్న కరగకుండా కాపాడే శీతలీకరణ యంత్రమే ఈ చట్టం. ఆ యంత్రానికి మీరే విద్యుత్తు!" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. ప్రారంభోపన్యాసం గంటన్నర సాగడం వల్ల మానసిక వైద్యురాలి ప్రసంగం రద్దయింది. టీ తాగాక ఒక్కొక్కరికి పది ప్రశ్నల నమూనా పత్రాలు, ఒక గుండ్రటి ముద్ర, పకపకా నవ్వుతున్న తల్లి బొమ్మ ఉన్న పోస్టరు ఇచ్చి పంపించారు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ పది ప్రశ్నలు కూడబలుక్కుంటూ చదువుకుంటున్నాను. "గత వారం రోజుల్లో కారణం లేకుండా భయం వేసిందా? పిల్లను చూస్తే మీకు ఏమీ అనిపించకుండా ఉందా? నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టలేదా?" మా ఆవిడ కనకం చిక్కుడుకాయలు వొలుస్తూ వింటోంది. ఐదో ప్రశ్న దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇవి మన రెండోవాడు పుట్టినప్పుడు ఎవరైనా అడిగుంటే బాగుండును" అంది.

ఆ రోజుల్లో కనకం రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. పురిటికి పంపినప్పుడు చీర పెట్టలేదని అలిగిందనుకుని చీర కొనిచ్చాను. ఆ చీర ఆమె ఎప్పుడూ కట్టలేదు. అది ఎందుకో ఆ సాయంత్రం చిక్కుడుకాయల ముందు కూర్చుని తెలుసుకున్నాను.

అందుచేత మొదటి నెల ఆ పని కాస్త శ్రద్ధగా చేశాను. మా ఆశా కార్యకర్త ఈశ్వరమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి, మగవాళ్ళని బయటికి పంపి, యాభై మూడు మంది బాలింతల్ని ఆ పది ప్రశ్నలూ అడిగాం. తొమ్మిది మంది బాగోలేదన్నారు. ఆ మాటే నివేదికలో రాసి, వాళ్ళ పత్రాలు జతచేసి పంపాను. మర్నాడే సచ్చిదానందమూర్తి గారి నుంచి ఫోను వచ్చింది.

"నాయుడు గారూ, జిల్లాలో ముప్పై ఎనిమిది మండలాలు. ముప్పై ఏడు మండలాల్లో ఒక్క తల్లికి కూడా విచారం లేదు. మీ ఒక్క మండలంలో తొమ్మిది మందా! అసలు మీరు మీ తల్లుల్ని ఏం చేస్తున్నారు?"

"అడుగుతున్నాం సార్."

"అదీ పొరపాటు!" అన్నారాయన.

ఆ పొరపాటు ఎంత పెద్దదో తర్వాత నాకు ఓపిగ్గా వివరించారు. విచారం ఉన్నట్టు గుర్తించిన రోజు నుంచి ఏడు రోజుల్లో మానసిక వైద్యులు ఆ తల్లిని చూడాలని నియమం. చూడకపోతే అధికారుల మీద చర్య. జిల్లా మొత్తానికి ఉన్నది ఒక్క మానసిక వైద్యురాలు. ఆమె వారంలో మూడు రోజులు వికలాంగుల ధ్రువపత్రాల శిబిరంలో, రెండు రోజులు కోర్టు సాక్ష్యాల్లో, ఒక రోజు జైల్లో ఉంటారు. ఏడు రోజుల్లో చూపించలేం. చూపించలేనప్పుడు గుర్తించకూడదు. "గుర్తింపు లేనిచోట గడువు లేదు. గడువు లేనిచోట ఉల్లంఘన లేదు. ఉల్లంఘన లేని పరిపాలనే సుపరిపాలన" అన్నారు సచ్చిదానందమూర్తి గారు.

ఫోను వెనకాలే మెమో వచ్చింది. తొమ్మిది మంది తల్లులు విచారంగా ఉండుటకు నేను ఎందుకు బాధ్యుడిని కానో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నీలం సిరాతో నింపినందుకు ఆ తొమ్మిది మంది పత్రాలూ తిరిగొచ్చాయి. నల్ల సిరాతో మళ్ళీ నింపేలోగా ఆ తల్లులందరికీ నలభై రెండు రోజులు దాటిపోయాయి. నియమాల ప్రకారం ప్రసవమైన నలభై రెండు రోజుల వరకే స్త్రీ మా చట్టం కిందికి వస్తుంది. నలభై మూడో రోజు పొద్దున లేచేసరికి ఆమె సాధారణ మహిళ అయిపోయి వేరే శాఖ కిందికి వెళ్ళిపోతుంది. ఆ శాఖలో విచారానికి నమూనా పత్రం లేదు.

రెండో నెలలో సవరణలు వచ్చాయి. "మీకు ఏడుపు వస్తోందా?" అన్న ప్రశ్న "ప్రభుత్వ సేవలు సకాలంలో అందుతున్నప్పటికీ మీకు ఏడుపు వస్తోందా?" అని మారింది. తల్లికి తీరిక లేనప్పుడు ఇంటి యజమాని ఆమె తరఫున జవాబులు చెప్పవచ్చన్నారు. ఇవన్నీ దాటుకుని కూడా ఏ తల్లయినా విచారంగానే మిగిలిపోతే, తహసీల్దారు అధ్యక్షతన మండల స్థాయి విచార నిర్ధారణ కమిటీ ఆమె విచారం మీద విచారణ జరపాలన్నారు. ఒక్క తల్లికి కూడా విచారం లేని మండలాన్ని "విచార రహిత మండలం"గా ప్రకటించి, శాలువా, జ్ఞాపిక ఇచ్చి సత్కరిస్తామన్నారు. ఆ నెల జిల్లాలో ఎవరికీ విచారం లేదు. మా మండలంలో కూడా లేదు. నేనే ఆ సున్నా వేశాను. సున్నా చుడుతున్నప్పుడు కనకం గుర్తొచ్చింది, అయినా చుట్టాను. పింఛనుకి నాకు మూడేళ్ళే ఉంది.

మూడో నెలలో దాలమ్మ వచ్చింది.

దాలమ్మది మా పక్కనే ఉన్న కొత్తవలస కాలనీ. ఇటుకల బట్టీలో పనిచేస్తుంది. ఒక చేత్తో నెల పిల్లనీ, రెండో చేత్తో కోడలి మణికట్టునీ పట్టుకుని సరాసరి నా కిటికీ ముందుకొచ్చి నిలబడింది. కోడలి పేరు పుణ్యవతి. ఇరవై రెండేళ్ళుంటాయి. జుట్టు దువ్వి ఉంది, బొట్టు పెట్టి ఉంది. అవి ఆమె చేసుకున్నవి కావని, అత్త చేసిందని చూడగానే తెలుస్తోంది.

"బాబూ, ఇది పడుకోట్నేదు. పిల్ల పడుకున్నా ఇది పడుకోదు. గోడకాసి సూస్తా కూకుంటాది. కూడెడితే కంచం ముందర కూకుంటాది గాని తినదు. ఏటైందే అంటే ఏటీ నేదంతాది. మావోడు మేస్త్రీ పనికని చెన్నపట్నం ఎల్లినాడు. నానేటి సెయ్యాలి సెప్పు."

నేను పుణ్యవతిని బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. ఆమె చాలాసేపు నా వెనకాల గోడకు అతికించిన నవ్వే తల్లి పోస్టరు వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"పిల్ల ఏడిస్తే ఎక్కడో దూరాన ఎవల పిల్లో ఏడ్సినట్టుంతాది సార్. నా కాడుంటే అది బతకదు. ఎవలికేనా ఇచ్చీమని మా అత్తకి సెప్పినాను."

పాత పది ప్రశ్నలే అడిగాను. ముప్పైకి ఇరవై నాలుగు మార్కులు వచ్చాయి. పదమూడు దాటితే వెంటనే వైద్యుడికి చూపించాలని ఆ పత్రం కిందనే అచ్చువేసి ఉంది. నల్ల సిరాతో నింపి, ముద్ర వేసి, కమిటీకి పంపాను. అప్పటికి పిల్లకు ముప్పై నాలుగు రోజులు.

ముప్పై ఆరో రోజున తహసీల్దారు కార్యాలయంలో విచారణ జరిగింది. తహసీల్దారు గారు మధ్యలో, ఎస్సై గారు కుడివైపు, మండల అభివృద్ధి అధికారి ఎడమవైపు కూర్చున్నారు. పుణ్యవతికి ఎదురుగా ఒక కుర్చీ వేశారు. దాలమ్మ పిల్లనెత్తుకుని పక్కన నిలబడింది. నేను ఫైలు పట్టుకుని వెనకాల నిలబడ్డాను.

"చూడమ్మా" అన్నారు తహసీల్దారు గారు గొంతు సవరించుకుని. "నీకు విచారం ఉన్నట్టు దరఖాస్తు దాఖలైంది. సదరు విచారం ఏ తేదీ నుంచి నీ స్వాధీనంలో ఉంది? తగిన ఆధారాలు ఉన్నాయా?"

పుణ్యవతికి అర్థం కాలేదు. దాలమ్మ అందుకుంది. "మడిసి ఎదర కూకుంటే మళ్ళీ ఆదారమేటి బాబూ? దాని మొకం సూడండి."

"ముఖం రెవెన్యూ రికార్డు కాదమ్మా" అన్నారాయన మెత్తగా.

ఎస్సై గారు ముందుకు వంగారు. "ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

పుణ్యవతి లేదన్నట్టు తలూపింది. ఎస్సై గారు నిరాశపడ్డారు. మండల అభివృద్ధి అధికారి ఆ ఇంటికి మరుగుదొడ్డి ఉందా అని అడిగారు. ఉందని దాలమ్మ చెప్పింది. "మరి ఇంకేమిటి?" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

అంతలో పిల్ల తుమ్మింది. ఒకటి కాదు, వరసగా మూడు. గుబురు మీసాల ఎస్సై గారు ఇంట్లో అలవాటు కొద్దీ "చిరంజీవ, చిరంజీవ" అనేసి, తను ఎక్కడున్నారో గుర్తొచ్చి టోపీ సర్దుకున్నారు. ఆ కంగారు చూసి పుణ్యవతి పెదవి చివర ఏదో కదిలింది. రెప్పపాటు. నేను చూశాను. దురదృష్టం కొద్దీ తహసీల్దారు గారు కూడా చూశారు.

"రాయండి!" అన్నారాయన గుమాస్తాతో. "పదకొండు గంటల నలభై నిమిషాలకు సదరు తల్లి చిరునవ్వు నవ్వినట్టు కమిటీ ఏకగ్రీవంగా గమనించినది. కావున విచారము లేదని నిర్ధారించడమైనది."

"సార్, నవ్వు రావడం వేరు, జబ్బు వేరు. జ్వరం వచ్చినవాడు కూడా..." అని నసిగాను.

"నాయుడు గారూ, మీరు మనోక్షేమ నోడల్ అధికారి. తల్లి నవ్వితే అభ్యంతరం పెట్టే మొదటి నోడల్ అధికారి మీరే అనుకుంటాను."

దాలమ్మ పిల్లను భుజాన వేసుకుంది. "ఏడిస్తే తీసుకురమ్మంతారు, నవ్వితే తీసుకెల్లిపోమంతారు. ఏటి సేస్తే సూస్తారు బాబూ మీరు?" అని అడిగింది. ఆ ప్రశ్న కమిటీ మినిట్సులో నమోదు కాలేదు.

మర్నాడు ఫోను మోగింది. సచ్చిదానందమూర్తి గారి గొంతులో పాకం తొణుకుతోంది.

"నాయుడు గారూ, అభినందనలు! జిల్లా మొత్తం మీద స్వస్థత పొందిన ఏకైక తల్లి మీ మండలంలోనే ఉంది!"

ఆయన ఎవరి గురించి చెబుతున్నారో తెలుసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. కంప్యూటరులో మా కేసులకు రెండే గళ్ళున్నాయి. ఒకటి "పెండింగు", రెండోది "స్వస్థత". కమిటీ కేసు మూసేసింది కాబట్టి పుణ్యవతి పెండింగు కాదు. పెండింగు కాని తల్లి స్వస్థత పొందినట్టే. ఆ లెక్కన మా మండలం విచార రహితమూ అయింది, ఒక తల్లికి నయమూ చేసింది. మిగతా ముప్పై ఏడు మండలాలకు ఆ రెండో ఘనత లేదు. వచ్చే సోమవారం సభ. పుణ్యవతి మాట్లాడాలి. ఆమె ఏం మాట్లాడాలో కాగితం ఆయనే పంపిస్తానన్నారు.

ఆ కబురు చెప్పడానికి కొత్తవలస కాలనీకి వెళ్ళాను. గుమ్మంలోనే దాలమ్మ ఎదురైంది. లోపల పుణ్యవతి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిల్ల పక్కింటివాళ్ళ ఉయ్యాల్లో ఉంది. నేను చెప్పిందంతా దాలమ్మ విని, "బాబూ, ఒకటడుగుతాను. నానైతే సదువుకోనేదు. నువ్వు ఆ సట్టం సదివినావా?" అంది.

"నియమాలన్నీ చదివాను. సర్క్యులర్లు కూడా."

"సట్టం సదివినావా అన్నాను."

నేను చదవలేదు. ఆ మాట ఆమెతో చెప్పలేక తలూపి వచ్చేశాను. మూడు నెలలుగా ఆ చట్టం పేరు మీద పనిచేస్తున్నాను. దాని మీద వచ్చిన నియమాలు, నియమాల మీద వచ్చిన సవరణలు, సవరణల మీద వచ్చిన వివరణలు ఒక అల్మారా నిండా ఉన్నాయి. చట్టం మాత్రం మా ఆసుపత్రిలో లేదు. తహసీల్దారు కార్యాలయంలో అడిగితే ఎందుకన్నారు. చివరికి మా మండల గ్రంథాలయంలో, గెజిట్ల కట్టలో దొరికింది. మొత్తం పదకొండు పేజీలు. అక్కడే బల్ల దగ్గర కూర్చుని చదివాను. మామూలు మాటల్లోనే ఉంది. రాసినవాళ్ళెవరో బాలింతల్ని చూసినవాళ్ళే అనిపించింది. నాలుగో సెక్షన్ ఇలా ఉంది: "ప్రసవమైన స్త్రీ తన మనసు బాగోలేదని నోడల్ అధికారి ఎదుట స్వయంగా చెప్పినచో, ఆ మాటే ఆధారము. ఒక్క సాక్షి చాలును. వేరే నిర్ధారణ అవసరము లేదు. ఏడు రోజులలో వైద్యుడు ఆమె ఉన్న చోటికే వచ్చి చూడవలెను."

ఆ వాక్యం నాలుగైదుసార్లు చదివి, ఒక నకలు తీయించుకుని జేబులో పెట్టుకున్నాను. ఏం చేయాలన్నది మాత్రం తేల్చుకోలేదు. నేను అంత తొందరగా తేల్చుకునే మనిషిని కాను.

సోమవారం మండల పరిషత్ మందిరానికి తోరణాలు కట్టారు. గడువులో ఉన్న బాలింతలు నలభై మందిని ఆటోల్లో తీసుకొచ్చి వరసగా కూర్చోబెట్టి, "నేను సంతోషంగా ఉన్నాను" అన్న బ్యాడ్జీలు గుచ్చారు. వాళ్ళ భర్తలు వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డారు. వేదిక మీద కమిటీ ముగ్గురూ, మధ్యలో సచ్చిదానందమూర్తి గారూ. పిల్లలు ఏడుస్తుంటే ఆయన మైకులో, "ఏడిచే శిశువుల్ని దయచేసి బయటికి తీసుకువెళ్ళండి, ఇది విచార రహిత ప్రాంగణం" అన్నారు. సగం మంది లేచి వెళ్ళి, పిల్లల్ని భర్తలకిచ్చి తిరిగొచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన వెన్న గురించి మాట్లాడారు.

నేను మెట్ల దగ్గర పుణ్యవతి పక్కన నిలబడ్డాను. ఆమె చేతిలో ఆ కాగితం ఉంది. "ప్రభుత్వ చొరవ వల్ల నా మనసు వికసించి" అని మొదలవుతుంది. అప్పటికి పిల్లకు నలభై రోజులు. ఇంకో రెండు రోజులు గడిస్తే ఈమె కూడా సాధారణ మహిళ. నా సంచీలో పత్రాలూ ముద్రా ఉన్నాయి. అలవాటు కొద్దీ తెచ్చానని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆమె పేరు పిలిచారు. ఆమె కదిలేలోగా నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

"అమ్మా, ఆ కాగితంలో ఉన్నదే చదవాలని చట్టంలో లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆమె నన్ను చూడడం అదే మొదటిసారి.

మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. సచ్చిదానందమూర్తి గారు "వికసించి... వికసించి" అని పక్కనుంచి అందించారు. ఆమె కాగితం మడిచింది.

"నాకు తగ్గనేదు" అంది. మైకులో ఆ మాట గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఆమె భయపడి ఒకడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకొచ్చింది. "నాకు నలబై రోజులై నిద్ర నేదు. నా పిల్లని ఎత్తుకోడానికి బయ్యం. నాను సెడ్డ తల్లినని కాదు. నాకు ఏటో అయింది. ఎవలేనా సూడండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో వరసలోంచి కవల పిల్లల తల్లి ఒకామె లేచింది. "సార్, నన్నూ మళ్ళీ అడగండి ఆ పశ్నలు. మొన్న మా ఆయనే సెప్పీసినాడు జవాబులన్నీ."

"నువ్వు వంటలో ఉన్నావు గదే!" అన్నాడు వెనకాల గోడ దగ్గర చంకకొకణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ఆమె భర్త.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఇంకొకామె లేచింది. ఆ తర్వాత బ్యాడ్జీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఇంకొకామె. పుణ్యవతితో కలిపి మొత్తం ఏడుగురు. మిగతా ముప్పై మూడు మంది కూర్చునే ఉన్నారు, వాళ్ళు నిజంగానే బాగున్నారేమో, అది కూడా ఎవరూ సరిగ్గా అడగలేదు.

నేను వేదిక ఎక్కాను. జేబులోంచి నకలు తీసి, నాలుగో సెక్షన్ మైకులో చదివాను. చదివాక, "నోడల్ అధికారి ఎదుట ఏడుగురు చెప్పారు సార్. ఇప్పుడే గుర్తిస్తున్నాను" అన్నాను.

సచ్చిదానందమూర్తి గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "నాయుడు గారూ, ఈ మాటలు మీకు ఎక్కడివి?"

"చట్టంలోవి సార్."

"సర్క్యులర్లు ఉండగా మీరు చట్టం ఎందుకు చదివారు?"

నేను వేదిక మీదున్న బల్ల అంచున పత్రాలు పరిచి, ఒక్కొక్కరి పేరూ రాసి, తేదీ వేసి, ముద్ర గుద్దాను. సాక్షి సంతకం దగ్గర ఆగాను. తహసీల్దారు గారు పైకప్పు వైపు చూస్తున్నారు. మండల అభివృద్ధి అధికారికి ఫోను వచ్చింది, లేదా వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకున్నారు. అప్పుడు ఎస్సై గారు జేబులోంచి పెన్ను తీశారు.

"నేను ఇక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. పోలీసువాణ్ణి, విన్నది వినలేదని ఎలా అంటాను?" అని ఏడు పత్రాల మీదా సంతకం పెట్టారు.

గడువు మొదలైంది. ఒకసారి మొదలైతే దాన్ని ఆపే సర్క్యులర్ ఇంకా ఎవరూ రాయలేదు. ఐదో రోజున, కోర్టు సాక్ష్యం వాయిదా వేయించి, మానసిక వైద్యురాలు డాక్టర్ హైమవతి గారు జీపులో సీతన్నవలస వచ్చారు. వేరే గది లేక నా మందుల గదిలోనే కూర్చోబెట్టాం. పరిశీలనకని వచ్చిన కమిటీ సభ్యుల్ని ఆమె బయటికి పంపేశారు. నన్ను కూడా పంపేశారు. ఏడుగురినీ ఒక్కొక్కరిగా చూశారు. పుణ్యవతితో గంటకు పైగా మాట్లాడారు. నేను వరండాలో నిలబడి, మందులకొచ్చిన వాళ్ళకి కాసేపాగమని చెబుతున్నాను. లోపలి నుంచి మొదట మాటలేమీ వినపడలేదు. తర్వాత సన్నగా ఏడుపు వినపడింది. అది ఎంతకీ ఆగలేదు, ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత డాక్టరు గారు దాలమ్మని లోపలికి పిలిచారు. "ఇది జబ్బమ్మా. ప్రసవమైన చాలామందికి వస్తుంది. మందులున్నాయి, పాలివ్వడం మానక్కర్లేదు. తగ్గుతుంది. కాస్త టైం పడుతుంది. రాత్రిళ్ళు పిల్లని మీరు చూసుకోండి, ఆమెను ఒంటరిగా వదలకండి. మీ అబ్బాయిని రమ్మనండి" అన్నారు.

"తగ్గుతాదా?" అంది దాలమ్మ.

"తగ్గుతుంది."

ఇటుకల బట్టీలో పదేళ్ళుగా ఎండలో నిలబడ్డ దాలమ్మ గోడవారగా చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదని ఈశ్వరమ్మ నాతో చెప్పింది.

మా మండలం విచార రహిత హోదా రద్దయింది. శాలువా వెనక్కి తీసుకున్నారు. జ్ఞాపిక మీద అప్పటికే పేరు చెక్కేయడంతో దాన్ని ఏం చేయాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. నాకు రెండు మెమోలు వచ్చాయి. ఇకపై సభల్లో తల్లుల్ని పూలదండలతో మాత్రమే సత్కరించాలని, మైకు ఇవ్వరాదని ఒక సర్క్యులర్ వచ్చింది. అదే వారంలో వేరే మండలం నుంచి ఒక నోడల్ అధికారి, ఆయన కూడా ఫార్మసిస్టే, ఫోను చేశాడు. అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి, "అన్నా, ఆ నాలుగో సెక్షన్ ఏ పేజీలో ఉంది?" అన్నాడు. నెల తిరిగేసరికి అలాంటి ఫోన్లు పదకొండు వచ్చాయి. జిల్లాలో విచారం అమాంతం పెరిగిపోయిందని పత్రికల్లో రాశారు. రెండో మానసిక వైద్యుడి పోస్టు కోసం ఫైలు కదిలిందని విన్నాను. ఎంతవరకు కదిలిందో తెలియదు.

వైద్యం మొదలైన నెలకు లబ్ధిదారు సంతకం తీసుకుని ప్రగతి పత్రం పంపాలి. అదేరోజు సాయంత్రంలోగా అందాలని సచ్చిదానందమూర్తి గారి కార్యాలయం నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. పొద్దున పది గంటలకి నేనే కొత్తవలస కాలనీకి వెళ్ళాను. దాలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని, మనవరాల్ని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తోంది. చెన్నపట్నం నుంచి వచ్చిన కొడుకు పెరట్లో పిల్ల గుడ్డలు ఆరేస్తున్నాడు. నేను కాగితం తీసేసరికి దాలమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది.

"పిల్లకి పాలిచ్చింది. ఇంత గంజన్నం తిన్నాది. పడుకుంది."

"ఒక్క సంతకం..."

"లేపను బాబూ. కలెక్టరొచ్చినా లేపను."

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పుణ్యవతి నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి నిద్రపోతోంది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వీధి చివరి దాకా నడిచాను. ఆసుపత్రికి వచ్చి, సంతకం ఉండాల్సిన చోట "లబ్ధిదారు నిద్రపోతున్నారు" అని నల్ల సిరాతో రాసి పంపించాను.

మూడో రోజున పత్రం తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది: "నిద్ర అను అంశము నమూనాలో లేదు. లబ్ధిదారు ఎందుచేత నిద్రించుచున్నారో, ఎప్పటి వరకు నిద్రించెదరో ఆమె నుండి లిఖితపూర్వక వివరణ తీసుకొని పంపవలెను."

దానికి నేనింకా జవాబు పంపలేదు. పంపాలంటే వెళ్ళి అడగాలి. అడగాలంటే లేపాలి.